రెండు కాళ్ళ కమల, నాలుగు కాళ్ళ కమల

మొన్నీమధ్య దువ్వాడలో మా మేనల్లుడి కొడుకు పెళ్ళి జరిగింది. పెళ్ళికొడుకు గుర్రమెక్కి మండపానికి రావాలన్న ఆలోచన ఎవరి బుర్రలో పుట్టిందో తెలియదు కానీ, మా వంశంలో అంతకుముందు ఎవరూ సైకిలు కంటే ఎత్తయినది ఎక్కి పెళ్ళికి వెళ్ళలేదు. గుర్రం చిన్న లారీలో వచ్చింది. ఒళ్ళంతా తళుకులు, తలమీద కుచ్చు, మా ఆడపడుచులందరికంటే ఎక్కువ అలంకారం. కల్యాణమండపం ముందు నున్నటి పలకలు పరిచారు కదా, వాటి మీద అడుగుపెట్టగానే వెనక కాలు సర్రున జారింది. చూస్తే లాడం ఊడి వేలాడుతోంది. గుర్రం తాలూకు మనిషి ఎవరికో ఫోన్ చేశాడు. కాసేపటికి ఒక కుర్రాడు క్రికెట్ ఆడేవాళ్ళు వేసుకునే సంచీలో సుత్తీ, పట్టకారూ, ఆకురాయీ వేసుకుని మోటారుసైకిలు మీద దిగాడు. గుర్రం వెనక కాలు ఎత్తి తన తొడమీద పెట్టుకుని, పాత లాడం పీకి, వంపు కత్తితో గిట్ట చెక్కడం మొదలుపెట్టాడు. పేళ్ళు పేళ్ళుగా రాలుతున్న ఆ గిట్ట ముక్కల వాసన, తడిసిన గోరూ పచ్చిగడ్డీ చెమటా కలిసిన ఆ వాసన, నా ముక్కుకి తగిలింది. పెళ్ళి మాట మరిచిపోయి ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళి నిలబడిపోయాను.

“అత్తయ్యగారూ, పట్టుచీర పాడైపోతుంది, ఇటు వచ్చేయండి” అని మా మేనల్లుడి భార్య పిలుస్తూనే ఉంది.

కుర్రాడు తలెత్తి చూశాడు. “ఏటమ్మా అలగ సూత్తన్నారు? మీకేటైనా గుర్రాలుండేవేటి?”

“లేవు బాబూ. మా అమ్మ ఉండేది” అన్నాను.

అతను చెక్కడం ఆపి నా మొహంలోకి చూశాడు. నేను చెప్పాలనుకున్నది అలా కాదు. దాన్ని సరిగ్గా చెప్పాలంటే చాలా దూరం నుంచి రావాలి, అతనికి అంత తీరిక లేదు, పెళ్ళికొడుక్కి అసలే లేదు. అందుకని ఇక్కడ చెబుతున్నాను.

మా నాన్నది గోదావరి జిల్లా. విశాఖపట్నం పోర్టులో గుమాస్తా ఉద్యోగం వచ్చి అమ్మనీ, నాయనమ్మనీ, నన్నూ వెంటబెట్టుకుని వచ్చేశాడు. ఆఫీసుకి నడిచి వెళ్ళేంత దగ్గరలో ఉండాలని పాత ఊళ్ళో ఒక ఇంటి మేడ అద్దెకి తీసుకున్నాడు. ఆ ఇల్లు మస్తాన్ మావయ్యది. ఆయన గుర్రాలకి లాడాలు కొట్టేవాడు. ఆయన తండ్రీ ఆ పనే, తాతా ఆ పనే. ఇంటి ముందు రేకుల పందిరి, పందిరి కింద మట్టిలో పాతిన మొద్దు, మొద్దు మీద లాడాలు పెట్టి కొట్టే ఇనప దిమ్మ, దాగలి. పొద్దున్నే స్టేషనుకి బేరాలకి వెళ్ళే జట్కాలవాళ్ళు గుర్రాలని తెచ్చి వరుసగా నిలబెట్టేవారు. మేం ఇల్లు చూడ్డానికి వచ్చింది మధ్యాహ్నం పూట, పందిరి ఖాళీగా ఉంది. దిగిన మర్నాడు పొద్దున్న నాయనమ్మ మడి కట్టుకుని మెట్ల మీదికి వచ్చి కిందికి చూస్తే అన్నీ గుర్రాల వీపులే. “ఒరేయ్, ఇది ఇల్లా, సైన్యవా?” అని ఆవిడ వేసిన కేకకి గుర్రాలన్నీ ఒక్కసారిగా చెవులు నిక్కబొడుచుకున్నాయి.

మా నాయనమ్మ గొంతు గురించి ముందే చెప్పాలి. మనిషి చూస్తే పిడికెడు. గొంతు మాత్రం ఓడ కూతకి సరిజోడు. రేవులో ఓడ కూసినప్పుడల్లా ఆవిడ మాట మధ్యలో ఆపి, అది అయ్యాక మళ్ళీ అక్కణ్ణుంచే అందుకునేది, తోటి మనిషితో పోటీ పడినట్టు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఆ గొంతుకి ఒకటే పని, మా అమ్మని తిట్టడం. అందులో కోపం ఉండేదని కూడా అనలేను. కొందరు పనిచేస్తూ పాడుకుంటారు చూడండి, అలాగ. అమ్మ పేరు కమల. “కమలా, పాలు పొంగాయి. కమలా, పొంగలేదేవే? కమలా, నీళ్ళపొయ్యి ఆరిపోయింది. కమలా, అంత మంటెందుకే, కొంప తగలేస్తావా?” రేవు నుంచి వచ్చే ఎర్రటి ఖనిజం ధూళికి మేడమీద ఆరేసిన ఆవిడ తెల్లచీర సాయంత్రానికల్లా కావిరంగు తిరిగేది. దానికీ అమ్మదే తప్పు. “కమలా, చూడు, నాకు సన్యాసం ఇప్పించేశావు” అనేది. అమ్మ మాత్రం ‘ఊ’ అని కూడా అనేది కాదు. తలొంచుకుని చేసే పని చేసుకుపోయేది. మా అమ్మకి మాటలు రావేమో అనుకునేదాన్ని నేను.

ఇప్పుడు రెండో కమల. ఎర్రన్న అని ఒక జట్కా అతను ఉండేవాడు, మస్తాన్ మావయ్యకి ప్రాణస్నేహితుడు. ఒకరినొకరు ‘బావ’ అని పిలుచుకునేవారు. అతనికి ఒక తెల్లటి ఆడగుర్రం ఉండేది. ఆ వీధికంతటికీ అదొక్కటే తెల్ల గుర్రం. తామరపువ్వులా ఉందని దానికి కమల అని పేరు పెట్టుకున్నాడు. ఈ సంగతి తెలిసి మా నాన్న చాలా ఇబ్బందిపడి, పేరేమైనా మార్చడానికి వీలవుతుందా అని అడిగితే ఎర్రన్న ఆలోచించి, “కట్టమే బాబూ. గుర్రానికి అలవాటైపోనాది. అమ్మగోరి పేరు మారిసీసినా పరవానేదు” అన్నాడట.

ఆ గుర్రం ముందు కాళ్ళు బాగానే ఇచ్చేది. వెనక కాళ్ళ దగ్గరికి వెళితే మాత్రం ప్రళయం. మస్తాన్ మావయ్య బుజ్జగించేవాడు, బెల్లం పెట్టేవాడు, ‘హా బేటీ, హా’ అని వీపు నిమిరేవాడు. అది బెల్లం తినేసి ఆయన్ని తన్నేది. ఒకసారి అది తన్నిన తన్నుకి ఆయన వెళ్ళి నీళ్ళ తొట్టిలో కూర్చున్నాడు. తొట్టి ఆయన నడుముకి సరిగ్గా పట్టేసి, బయటికి లాగడానికి ఇద్దరు మనుషులు కావలసివచ్చింది. ఖైరూన్ అత్తయ్య, ఆయన భార్య, లోపల్నుంచి వచ్చి చూసి, సాయం చెయ్యకుండా గుమ్మం పట్టుకుని నవ్వుతూ కూర్చుంది.

ఒకరోజు పొద్దున్న మావయ్య మళ్ళీ ఆ గుర్రం వెనక కాలితో కుస్తీ పడుతున్నాడు. మేడమీద అమ్మ నీళ్ళ బిందె చంకనెట్టుకుని, నాయనమ్మ అప్పుడే లోపల వేసిన ముగ్గు దాటాలో వద్దో తెలియక గుమ్మంలో ఆగిపోయింది. నాయనమ్మ ఒక్క కేక పెట్టింది. “కమలా! ఎంతసేపే అలా నిలబడతావు? కాలెత్తు! ఎత్తి ముందుకి పెట్టు!”

పైన అమ్మ కాలెత్తింది. కింద గుర్రం కూడా ఎత్తింది. ఎత్తి బుద్ధిగా మస్తాన్ మావయ్య చేతిలో పెట్టింది. ఆయన చేతిలో కాలు పట్టుకుని అది కలో నిజమో తెలియక మేడకేసి చూస్తూ ఉండిపోయాడు. నాయనమ్మ ఆపకుండా ముగ్గు గురించి, బిందె గురించి, అమ్మ పుట్టింటివాళ్ళ నడక గురించి మాట్లాడుతూనే ఉంది. ఆ ప్రసంగం అయ్యేలోపు గిట్ట చెక్కడం, లాడం అమర్చడం, మేకులు దించి కొసలు మడిచి ఆకురాయితో నున్నగా రాయడం అన్నీ అయిపోయాయి. గుర్రం కళ్ళు మూసుకుని విన్నది.

ఆ తర్వాత ఎర్రన్న గుర్రాన్ని తెచ్చే రోజు ముందే మస్తాన్ మావయ్య మెట్ల కింద నిలబడి విన్నపం చేసుకునేవాడు. “పెద్దమ్మగారూ, రేపు పొద్దున్న బావ బండి ఒస్తంది. సెల్లెమ్మ మీద ఏటైనా కోపముంటే ఇయాల్టికి ఆపి ఉంచండి. ఒక్కసారి అయిపోద్ది.” మొదట్లో నాయనమ్మ మండిపడింది. గుర్రానికి తిట్లు పెట్టేంత గతి పట్టలేదంది. అయితే తన మాటకి అంత విలువిచ్చే ప్రాణి ఆ వీధిలో మరొకటి లేదని ఆవిడకి త్వరలోనే అర్థమైంది. గుర్రం వచ్చే రోజున తలదువ్వుకుని, మేడ పిట్టగోడ దగ్గర పీట వేయించుకుని కూర్చునేది. గుర్రాన్ని తిట్టాలంటే గుర్రం తప్పులు తెలియవు కాబట్టి అమ్మ తప్పులే చెప్పేది. “కమలా! చారులో ఉప్పేదే?” అంటే కింద ఎడమ కాలు లేచేది. “కమలా! మొన్న అప్పడాలు మాడ్చింది చాలదా?” అంటే కుడికాలు. అమ్మకి ఇది ఎంతో సుఖంగా ఉండేది. కేక వినబడగానే చేసే పని ఆపకుండా, “నన్ను కాదేమో అనుకున్నానండీ అత్తయ్యగారూ” అనడం నేర్చుకుంది. మాటలు రావనుకున్న మా అమ్మ నోటి నుంచి నేను విన్న మొదటి గడుసు మాట అదే.

ఇలా ఉండగా నాన్న పోర్టు క్వార్టర్సుకి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇంట్లోనే కుళాయి, గుర్రాల వాసన లేని గాలి. నాయనమ్మకి అది తప్ప వేరే కోరిక లేకుండా పోయింది. క్వార్టరు వచ్చిన కబురు చెవిన పడేదాకా మౌనం పాటిస్తానని దేవుడి గదిలో కొబ్బరికాయ కొట్టి మొక్కేసుకుంది. ఆవిడకి మాటకంటే ప్రియమైనది లేదు కాబట్టి దాన్నే దేవుడికి ఇచ్చేసింది. మాకు మాత్రం ఇల్లు పాడుబడినట్టయింది. ఇత్తడి గ్లాసుతో నేలమీద కొట్టి పిలిచేది, తర్వాత చేతులతో సైగలు. మజ్జిగ చిలకడానికీ, చీపురు తెమ్మనడానికీ ఆవిడ సైగ ఒక్కటే. నాన్న ఒకనాడు భోజనాల మధ్యలో చీపురు తెచ్చి ఎంతో వినయంగా విస్తరి పక్కన పెట్టాడు. ఆవిడ మొహం కందగడ్డలా అయిపోయింది. తిట్టడానికి నోరు తెరిచి, మొక్కు గుర్తొచ్చి, మూసేసుకుని, ఆ కోపమంతా గ్లాసు మీద చూపించింది. గ్లాసు సొట్టపోయింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే మస్తాన్ మావయ్య ఒక్కగానొక్క కూతురు నూర్జహాన్ పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకువాళ్ళు తగరపువలసలో బట్టల వ్యాపారస్తులు. అబ్బాయి తెల్ల గుర్రం ఎక్కి రావాలని వాళ్ళకి ముచ్చట. లాడాలు కొట్టే ఇంటి పెళ్ళి, గుర్రం మాట మాకు వదిలేయండని మావయ్య ఎంతో దర్జాగా మాటిచ్చేశాడు. తెల్లది ఒక్కటే కదా ఉంది. తీరా పెళ్ళినాడు పొద్దున్న ఎర్రన్న దాన్ని నడిపించుకు వచ్చేసరికి అది కుంటుతోంది. వెనక రెండు లాడాల్లో ఒకటి దారిలో ఎక్కడో పడిపోయింది, రెండోది అరిగి రేకులా అయిపోయింది. గిట్ట అంచు చీలి ఉంది. సాయంత్రం ఊరేగింపు.

“ఏటి బావా ఇది? నా పిల్ల పెళ్ళికి గుర్రం కుంటుకుంటా ఒత్తాదా? రేపట్నుంచి నాను ఈ పందిట్లో కూకోగలనా?” అన్నాడు మావయ్య. ఇంతసేపూ నవ్వుతూ చూస్తున్న జనం నవ్వడం మానేశారు.

“నానేటి సేసీది బావా, నిన్న సందేల దాకా బాగానే ఉంది” అన్నాడు ఎర్రన్న.

తాళ్ళు కట్టి చూశారు. అది తాడు తెంపి, పెళ్ళి బిరియానీకి తోమి పెట్టిన రాగి డేగిశాని తన్నింది. డేగిశా దొర్లుకుంటూ వీధి చివరిదాకా వెళ్ళింది. వంటవాడు దాని వెనకే పరుగెత్తాడు, మళ్ళీ చాలాసేపు తిరిగి రాలేదు. అప్పుడు అందరి చూపులూ మేడమీదికి మళ్ళాయి. పిట్టగోడ దగ్గర నాయనమ్మ నిలబడి ఉంది. రెండు పెదవులూ గట్టిగా బిగించుకుని, మావయ్య మొహం చూడలేక ఆకాశంకేసి చూస్తోంది. ఖైరూన్ అత్తయ్య అడగబోతే మావయ్యే ఆపేశాడు. “ఒద్దు. మొక్కు మొక్కే. మన పెళ్ళి కోసం ఆవిడ దేవుడికిచ్చిన మాట తప్పమంటావేటి?”

నాన్న ముందుకి వచ్చాడు. తన తల్లి గొంతు తనకి రాకపోతుందా అని ఆయన ధైర్యం. అయితే ఒక చిక్కు. ఆయన జన్మలో భార్యని పేరు పెట్టి పిలవలేదు. ‘ఏమోయ్’ అనేవాడు, లేదా గాలిలోకి చూసి దగ్గేవాడు. గుర్రం పక్కన నిలబడి, గొంతు సవరించుకుని, చెవులు ఎర్రబడుతుండగా, “కమలా...” అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడంటే, గుర్రం కాలెత్తడం మాని తల తిప్పి ఆయన్ని ఆశ్చర్యంగా చూసింది. పైన మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పారిపోయింది. వీధి వీధంతా గొల్లుమంది. ఎర్రన్న, “బాబూ, తమరు ఇంటికాడ పిలుసుకోండి, ఇక్కడొద్దు” అన్నాడు.

ఆ నవ్వులు ఇంకా తగ్గలేదు, పైనుంచి కేక వినబడింది.

“కమలా! ఒళ్ళు కొవ్వెక్కిందేవిటే? కాలెత్తమంటుంటే చెవినెక్కదూ?”

నాయనమ్మ గొంతే. ఆ గరుకు, ఆ విరుపు, ‘ఏవిటే’ దగ్గర మెలిక, అన్నీ. గుర్రం టక్కున కాలెత్తింది. నేను పైకి చూశాను. నాయనమ్మ పెదవులు బిగించే ఉన్నాయి. ఆవిడ పక్కన మా అమ్మ నిలబడి ఉంది. కొంగు నడుముకి దోపుకుని, సరిగ్గా నాయనమ్మలాగే ఒక చెయ్యి పిట్టగోడ మీద వేసి, మెడ ముందుకి సాచి తిడుతోంది. ఎన్నేళ్ళ నుంచి సాధన చేసిందో, వంటింట్లోనా, నూతి దగ్గరా, ఎక్కడ చేసిందో మాకెవరికీ తెలియదు.

“మావయ్యా, కానీయ్” అన్నాను నేను. ఆయన తేరుకుని కత్తి అందుకున్నాడు.

అమ్మ ఆగలేదు. “కమలా! పాలు పొంగించావు, పొయ్యి ఆర్పావు! నీకు పులుసు పెట్టడం నేర్పినవాళ్ళెవరే? ముగ్గేస్తే వంకర, నడిస్తే చప్పుడు!” జనం నవ్వుతున్నారు, గిట్ట ముక్కలు రాలుతున్నాయి, ఆ ముక్కల కోసం వీధికుక్కలు మూగుతున్నాయి, మావయ్య లాడాన్ని దాగలి మీద పెట్టి వంపు సరిచేసి మళ్ళీ గిట్టకి ఆన్చి చూసుకుంటున్నాడు. ఎడమ కాలు పూర్తయింది. కుడికాలు లేచింది. నాయనమ్మ కదలకుండా, తన తిట్లు తనే, మొదటిసారి బయటినుంచి వింటోంది. తిట్టించుకునే మనిషీ తిట్టే మనిషీ ఒక్కరే కావడం వల్లనో ఏమో, అమ్మకి ఎక్కడ ఆగాలో తెలియలేదు. చారూ అప్పడాలూ అయిపోయాయి. “ఏ ముహూర్తాన అడుగుపెట్టావే ఈ ఇంట్లో? నీకెవరు చెబుతారు, ఎన్ని చెప్పినా ఎక్కుతుందా నీకు? రాయి నయం...” అంటూ అమ్మ గొంతు సన్నబడింది. జనం నవ్వు పలచబడింది. ‘రాయి నయం’ అని మళ్ళీ ఒకసారి అన్నప్పుడు అది నాయనమ్మ గొంతు కాదు, అమ్మదే.

గుర్రానికి తెలిసిపోయింది. చెవులు వెనక్కి వాల్చింది. సగం దిగిన మేకుతో కాలు మస్తాన్ మావయ్య తొడమీదే ఉంది. ఒక్క విదిలింపు విదిలిస్తే ఆయన తొడ చీలిపోయేది. ఎర్రన్న “బావా, ఒగ్గీయ్!” అని అరిచాడు.

“కమలా! చాలు. ఊరుకో.”

ఓడ కూతలాంటి ఆ గొంతు మాకందరికీ తెలుసు. అయితే అందులో అంత మెత్తదనం ఎన్నడూ వినలేదు. కింద గుర్రం రాయిలా నిలబడిపోయింది. పైన అమ్మా ఊరుకుంది. ఆవిడ చెప్పింది ఏ కమలకో ఆ వీధిలో ఎవరూ అడగలేదు. మస్తాన్ మావయ్య మిగిలిన మేకులు దించి, కొసలు మడిచి, కాలు నేలమీద దించి, తను కూడా దాని పక్కనే నేలమీద కూర్చుండిపోయాడు.

నాన్న గాభరాగా పైకి పరిగెత్తాడు. “అమ్మా, మొక్కు?”

“గుర్రంతో మాట్లాడితే మాటకిందికి రాదురా. అది నోరులేని ప్రాణి” అంది నాయనమ్మ. కొడుకుతో మాట్లాడేశానని అప్పుడు గుర్తొచ్చి, గ్లాసు తీసుకుని నేలకేసి కొట్టి లోపలికి వెళ్ళిపోయింది.

సాయంత్రం పెళ్ళికొడుకు తెల్ల గుర్రం మీద, మొహానికి మల్లెల దండల ముసుగుతో, బ్యాండుమేళంతో వచ్చాడు. కొత్త లాడాలు రోడ్డు మీద టకటకమంటుంటే మావయ్య బ్యాండు వినకుండా ఆ చప్పుడే విన్నాడు. ఇంటి ముందుకి రాగానే ఖైరూన్ అత్తయ్య ఆనందంలో మేడకేసి చూసి, “కమలా వదినా, రా, తొందరగా రా!” అని పిలిచింది. గుర్రం పెళ్ళికొడుకుతో సహా గుమ్మం మెట్లెక్కడం మొదలుపెట్టింది. అతను దాని మెడ కావలించుకుని ఏ దేవుణ్ణి తలుచుకున్నాడో, దిగేలోపు అది అతని ముసుగులో సగం మల్లెలు తినేసింది.

దువ్వాడ పెళ్ళి నుంచి వచ్చాక నూర్జహాన్‌కి ఫోన్ చేశాను. ఇప్పుడు తను మద్దిలపాలెంలో కొడుకు దగ్గర ఉంటోంది. “ఇప్పటికీ మా ఆయనకి మల్లెపూలు పడవే. తెత్తే సాలు, గుర్రం పళ్ళు గుర్తొత్తాయంటారు” అని నవ్వింది. పక్కనుంచి ఆయన, “అది మల్లిపూలతో ఆగినాదేటి? నా సెవి కూడా కొరికినాది, అది సెప్పు” అనడం వినిపించింది. వాళ్ళ పాత ఇల్లు ఉన్నచోట ఇప్పుడు అపార్టుమెంటు కట్టారట. గుర్రాలు నిలబడే చోట కార్లు నిలబెడుతున్నారట. ఆ వీధిలో పెద్దగా అరిచేవాళ్ళే లేరంది నూర్జహాన్, అది మంచో చెడో తేల్చకుండా.

నాకూ తేలడం లేదు. మా అమ్మ పడిన తిట్లు వీధంతా వినేది, అంచేత వీధంతా వాటిని పంచుకునేది. మర్నాడు నూతి దగ్గర ఎవరో ఒకరు “ఏటమ్మా, నిన్న సారులో ఉప్పు సరిపోనేదంట?” అంటే అమ్మ కూడా నవ్వేసేది. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి గది వాళ్ళది, ఎవరి తలుపు వాళ్ళది. కోపం వస్తే నేను గట్టిగా మాట్లాడను, మా కోడలూ మాట్లాడదు. ఇద్దరం చాలా మర్యాదస్తులం. ఒకనాడు వంటింటి బయట ఆగి వింటే, అది తన చెల్లెలితో ఫోన్లో మాట్లాడుతూ ఎవరి గొంతో అనుకరిస్తోంది. ‘నాకేం, మీ ఇష్టం, నేను చెప్పాల్సింది చెప్పాను’ అని ముక్కుతో సాగదీస్తోంది. ఎవరిదబ్బా ఇంత చిరాకు గొంతు అనుకుని, నా గదిలోకి వచ్చి కూర్చున్నాక గానీ అది నాదేనని తెలియలేదు. బాగా పట్టింది పిల్ల. చప్పట్లు కొట్టే వీలు లేకపోయిందే అని బాధపడ్డాను.

ఆనాటి తర్వాత నాయనమ్మ మా అమ్మని పేరు పెట్టి తిట్టలేదు. క్వార్టరు ఎంతకీ రాక విసుగెత్తి మౌనం చాలించాక కూడా. అడిగితే, “కింద గుర్రం ఊరికే కాళ్ళెత్తుకుంటోంది పాపం” అనేది. “అమ్మాయ్” అని పిలవడం మొదలుపెట్టింది. తిట్లు తగ్గాయని కాదు, ‘అమ్మాయ్’ అన్నాక ఎంత తిట్టినా తిట్టులా ఉండదు. గుర్రం వచ్చే రోజున మాత్రం ఇద్దరూ పిట్టగోడ దగ్గర పక్కపక్కనే కూర్చునేవారు. నాయనమ్మ అలిసిపోతే అమ్మ అందుకునేది.

మొక్కు చెల్లిందో చెల్లలేదో దేవుడికే తెలియాలి, క్వార్టరు మాత్రం ఆ ఏడాది రాలేదు, ఆ తర్వాత ఎప్పటికో వచ్చింది. సామాను లారీలో ఎక్కించి నాన్న ముందు వెళ్ళిపోయాడు. ఆడవాళ్ళు లారీలో వెళ్ళకూడదని ఎర్రన్న పట్టుబట్టి జట్కా తెచ్చాడు. ఖైరూన్ అత్తయ్య వెక్కి వెక్కి ఏడుస్తూ మా ఒళ్ళో పండుమిరపకాయ పచ్చడి జాడీ పెట్టింది. నాయనమ్మ, అమ్మ, నేను గడ్డి పరిచిన జట్కాలో వెనక్కి తిరిగి కూర్చున్నాం. వీధి, పందిరి, దాగలి పక్కన నిలబడి చెయ్యి ఊపుతున్న మస్తాన్ మావయ్య, అన్నీ చిన్నవైపోతూ వెళ్ళాయి. ఇన్నాళ్ళూ ఆ ఇల్లు వదలాలని మొక్కుకున్న నాయనమ్మ కళ్ళు ఒత్తుకుంటోంది.

రైల్వే గేటు దాటాక నాయనమ్మ గొంతు తగ్గించి అంది. “అమ్మాయ్, ఆ పెళ్ళినాడు నా గొంతు బాగానే పట్టావు. కానీ తిట్టు చివర్న నేను చిన్న రాగం తీస్తాను. అది నీకు రాలేదు.”

అమ్మ బిత్తరపోయి చూసింది.

“నా అత్తగారికి అయితే రాగం మొదట్లో ఉండేది. చాలా కష్టం అది. ఆవిడ పూజలో ఉన్నప్పుడు ధాన్యపు కొట్లోకి వెళ్ళి తలుపేసుకుని నేర్చుకున్నాను” అంది నాయనమ్మ. అంటూనే అటూ ఇటూ చూసి, కొంగు తలమీదికి లాక్కుని, దవడలు లోపలికి పీల్చుకుని, కళ్ళు చిట్లించింది. మా నాయనమ్మ మాయమైపోయింది. ఆవిడ కూర్చున్న చోట, నేను పుట్టక ఎంతో ముందే పోయిన ఎవరో బోసినోటి ముసలావిడ కూర్చుని, “ఓ...సేయ్ సుభద్రా! దూడ పాలు తాగేస్తోందే, నీ కళ్ళు కాకులెత్తుకుపోయాయా!” అని కీచుగా కేకేసింది.

అమ్మ ముందు ఉలిక్కిపడింది. తర్వాత నవ్వు మొదలైంది. ఆపుకోలేక నాయనమ్మ భుజం మీద వాలిపోయి, నీళ్ళు కారుతున్న కళ్ళతో, “ఇంకోసారి అత్తయ్యగారూ, ఇంకోసారి” అని బతిమాలింది. నాయనమ్మ మళ్ళీ మొదలుపెట్టింది.

ఎర్రన్న కంగారుగా వెనక్కి తిరిగి చూశాడు. “ఎవులమ్మా ఆ ముసలమ్మ? ముగ్గురే కదేటి ఎక్కినారు?”

గుర్రం మాత్రం వెనక్కి చూడలేదు. ఈసారి పిలిచింది తనని కాదని దానికి తెలుసు. చెవులు ఊపుకుంటూ, క్వార్టర్ల వైపు తన దారిన తాను నడిచిపోయింది.